మూడో చెయ్యి

పోయిన వారం మెరుపును ప్రెస్సుల షెడ్డు గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. "తర్వాత మీరే, రండి" అని లోపలి నుంచి తనిఖీ అధికారిణి పిలిచిన పిలుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఆమె లోపలికి అడుగుపెట్టేలోగా, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది డబ్బాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ. రేకు పెట్టాలి, అచ్చు దిగాలి, మూత రావాలి; ఇంతే పని. అచ్చు దిగాలంటే ప్రెస్సుకి అటొకటి ఇటొకటి ఉన్న రెండు బటన్లనూ రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి. చేతులు రెండూ బటన్ల మీదుంటే అచ్చు కింద చెయ్యి ఉండదు కదా, అదీ ఆ ఏర్పాటులోని తెలివి. ఈ షెడ్డులో ఆడవాళ్ళు అంతకన్నా తెలివైనవాళ్ళు. బొటనవేలంత చెక్కముక్కని ఎడమ బటన్ పక్కసందులో బిగించారంటే అది నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది. ఇక కుడిచేత్తో అచ్చు దించుతూ, ఎడమచేత్తో రేకు జరుపుకుంటూ పోవచ్చు. పని రెట్టింపవుతుంది. ఆ చెక్కముక్కకి వాళ్ళు పెట్టుకున్న పేరు మూడో చెయ్యి.

అందరి ఏప్రన్ జేబుల్లోనూ ఒక మూడో చెయ్యి ఉంటుంది. తలుపు పక్క ప్రెస్సు మీద కూర్చునేది రేడియో. ఆ పేరు ఎందుకొచ్చిందో మీరు నన్ను అడగక్కర్లేదు, ఆమె నోరు తెరిస్తే చాలు. కొత్త మనిషి అలికిడి తగిలిందా, "చీపురేదర్రా!" అని కేకేస్తుంది. ఆ కేకకి చెక్కలన్నీ జేబుల్లోకి పోతాయి. వచ్చిన పెద్దమనిషికి బుద్ధిగా రెండు చేతులతో బటన్లు నొక్కుతున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. ఏళ్ళ తరబడి సాగుతున్న భాగోతం ఇది. ఇంతవరకు ఎవరూ దొరకలేదు.

చిన్నది దొరికిపోయింది. అధికారులకైతే బాగుండేది, అచ్చుకే దొరికింది. చిన్నదంటే మెరుపు తోడికోడలు. ఇంట్లో చిన్నకోడలు కాబట్టి ఆ పిలుపే ఫ్యాక్టరీకీ వచ్చింది. అచ్చు కింద ఆమె ఎడమచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. అందరూ ఆ పిల్లని ఎత్తుకుని పరుగెడుతుంటే, మెరుపు మాత్రం వెనక్కి తిరిగి ఆ ప్రెస్సులోంచి మూడో చేతిని లాగి తుక్కుతొట్టిలో పడేసింది. సాయంత్రం తుక్కుబండి వచ్చి తీసుకుపోయింది. చెక్క కనబడితే చిన్నదాని ఉద్యోగం కూడా పోతుందని ఆమె భయం.

అక్కడే అంతా తలకిందులైంది. చెక్క లేకపోయేసరికి తప్పు ప్రెస్సు మీద పడింది. ప్రెస్సు తప్పంటే దాన్ని చూసుకునే ఫిట్టర్ తప్పు. ఆ ఫిట్టర్ ఇంకెవరో కాదు, చిన్నదాని మొగుడు, మెరుపుకి సొంత మరిది.

సరే, ఇక ఆమెని లోపలికి రానిద్దాం.

ప్రెస్సులన్నీ ఆపేసి ఉన్నాయి. నడుస్తున్నప్పుడు చెవులు చిల్లులు పడే ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం మెరుపు ఎప్పుడూ ఎరగదు. ఆడవాళ్ళు బోర్లించిన పెట్టెల మీద వరసగా కూర్చున్నారు. మరిది గోడకానుకుని, నూనెగుడ్డ చేతిలో పట్టుకుని, నేలకేసి చూస్తున్నాడు. నాలుగు రోజుల గడ్డం. అధికారిణి ఆఫీసు గది వద్దని, సరిగ్గా చిన్నది కూర్చున్న ప్రెస్సు పక్కనే స్టూలు వేయించుకుని కూర్చుంది. కళ్ళద్దాలు నెత్తిమీదికి నెట్టుకుంది. ఎవరో తెచ్చిచ్చిన టీ తొరకకట్టి పోయింది, ముట్టుకోలేదు.

ఆమె వెనకాల చేతులు కట్టుకుని ఫోర్‌మన్ నిలబడ్డాడు. ఎవరి మీదా గొంతు లేపడు, ఎంత ముంచుకొచ్చినా ముఖంలో రంగు మారదు, అందుకని అందరూ చల్లన్న అంటారు.

"కూర్చోండమ్మా," అంది అధికారిణి. "ఆ రోజు మీరు పక్క ప్రెస్సు మీదున్నారు కదా. ఏం చూశారు?"

"కేక విన్నానండీ. ఇటు తిరిగేసరికే చెయ్యి ఇరుక్కుపోయి ఉంది."

"బటన్ల దగ్గర ఏమైనా ఉందా?"

"ఏముంటుందండీ?"

అధికారిణి కళ్ళద్దాలు కిందికి దించుకుంది.

"చూడండి. ఈ ప్రెస్సుని నిన్న నట్టు నట్టూ విప్పించి చూశాను. ఏ లోపమూ లేదు. ఒక్క బటన్ నొక్కితే అచ్చు దిగట్లేదు. ఆ రోజు మాత్రం ఆ అమ్మాయి చెయ్యి లోపలుండగానే దిగింది. అంటే ఆ రోజు ఇది చెడిపోయి ఉండాలి. తర్వాత ఎవరో గుట్టుచప్పుడు కాకుండా బాగుచేసి ఉండాలి. బాగుచెయ్యడం వచ్చినవాడు ఈ షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. అడిగితే నోరు విప్పడు. ఆ అమ్మాయేమో ఏం గుర్తులేదంటోంది. ఇంకేమీ తేలకపోతే ఇవాళ నేను అతని మీదే రాసి వెళ్ళాలి. ఉద్యోగం పోవడంతో ఆగదమ్మా అది. పోలీసు కేసవుతుంది."

"కుర్రాడు మంచివాడేనండీ," అన్నాడు చల్లన్న వెనకనుంచి, జాలిగా. "ఎక్కడో ఏమరుపాటు. మనుషులం కదా."

ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొత్తగా ఎవరు చేరినా గోడమీది నియమాలన్నీ వాళ్ళచేత పైకి చదివించేది ఇతనే. రెండు చేతులూ బటన్ల మీదే ఉండాలని నొక్కి మరీ చెప్తాడు. ఆ వెంటనే, రెండు చేతులతో తెల్లవార్లూ నొక్కినా నిండనన్ని బుట్టలు చూపించి, ఇవి నిండితేగానీ ఇంటికెళ్ళే బెల్లు కొట్టేది లేదంటాడు. "ఎలా అన్నా?" అని ఎవరైనా అడిగితే, "పక్కవాళ్ళని చూసి నేర్చుకోమ్మా" అని వెళ్ళిపోతాడు. చెక్క సంగతి అతని నోట ఎప్పుడూ రాలేదు. ఏదైనా జరిగితే చేతులు దులుపుకోవడానికి అంత శుభ్రంగా ఉంచుకున్నాడు వాటిని.

"మిమ్మల్ని మెరుపంటారట?" అంది అధికారిణి.

"అంటారండీ."

"ఎందుకు?"

మెరుపు జవాబు చెప్పేలోపే వెనకనుంచి రేడియో అందుకుంది. "టీ బెల్లు కొట్టేలోపు రెండు బుట్టలు నింపి పక్కన పెట్టేస్తుందండీ! ఈ షెడ్డులో ఆ చెయ్యి ఇంకెవరికీ లేదు!" అనేసి, పక్కావిడ మోచేత్తో పొడిచేసరికి నాలిక్కరుచుకుంది.

"అయితే నాకూ చూపించండి," అంది అధికారిణి. "ఒక్క బుట్ట చాలు."

చల్లన్న ముందుకొచ్చాడు. "ఇప్పుడెందుకండీ, ఇంట్లో మనిషికి దెబ్బ తగిలి ఆవిడ మనసేం బాగాలేదు..."

"రేకులు తెప్పించండి," అంది ఆమె, అతనికేసి తిరక్కుండానే.

రేకులు వచ్చాయి. మెరుపు తన ప్రెస్సు ముందు కూర్చుంది. మరిది వచ్చి మీట వేసి, ఆమె ముఖంలోకి చూడకుండానే మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక్క ప్రెస్సు మోత షెడ్డంతా నిండింది.

రేకు పెట్టింది. చేతులు వెనక్కి లాక్కుంది. రెండు అరచేతులతో రెండు బటన్లూ నొక్కింది. అచ్చు దిగింది. మూత తీసి బుట్టలో వేసింది. మళ్ళీ రేకు. మళ్ళీ రెండు చేతులూ. ఎంత నిదానమో ఆమెకే చిరాకేసింది. ఎడమచెయ్యి ఊరికే ఉండనంటోంది. దాన్ని అక్కడే ఉండమని పళ్ళ బిగువున ఆపుకుంటోంది. నుదుట పట్టిన చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక చిక్కలేదు.

ఎంతసేపు చేసినా బుట్ట అడుగైనా నిండలేదు.

"ఇదేనా అమ్మా మెరుపంటే?" అంది అధికారిణి. వెటకారమేం లేదు గొంతులో, మామూలుగానే అడిగింది. పెట్టెల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వుతో మెరుపుకి రోషం వచ్చింది. రాకూడని చోట, రాకూడని వేళ వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ షెడ్డులో ఆమెకంటూ ఉన్నది ఆ పేరొక్కటే. ఇంటి దగ్గర పెద్దకోడలు, వదిన, అక్క. ఇక్కడికి వస్తేనే మెరుపు. నడుం నిటారు చేసుకుంది. జోరు పెంచింది. రేకు, అచ్చు, మూత; రేకు, అచ్చు, మూత. చేతులకి పాత ఊపు దొరికింది. మనసు ఎటో పోయింది, చేతులే పని చేసుకుపోతున్నాయి.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. మోటారు తిరుగుతోంది గానీ అచ్చు దెబ్బ వినపడట్లేదు.

కిందికి చూసుకుంది. కుడిచెయ్యి కుడి బటన్ నొక్కి పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి అచ్చు కింద ఉంది. వేళ్ళు చాపి, రేకు జరుపుతూ, సరిగ్గా చిన్నదాని వేళ్ళు పోయిన చోట.

మరిది వచ్చి మీట కట్టేశాడు.

"ఎన్నాళ్ళ అలవాటమ్మా ఇది?" అంది అధికారిణి మెల్లగా.

మెరుపు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతికి తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ రోజు నుంచి ఆమె దాన్ని ఇంట్లో కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

చిన్నది మూడో చెయ్యి వాడేది కాదు. భయం. చేరినప్పటినుంచీ చెక్క జేబులోనే పెట్టుకుని రెండు చేతులతోనే నొక్కేది. దాంతో ఆ పిల్ల బుట్ట ఎప్పుడూ వెనకబడేది. ఒక్కరి బుట్ట వెనకబడితే వరస మొత్తం ఆగిపోవాలి. ఇళ్ళకి పోవాల్సినవాళ్ళంతా మెరుపు మీద పడేవాళ్ళు: "మీ చిన్నదానికి కాస్త చెప్పుకోవే! మాకూ పిల్లలున్నారు." ఆ పొద్దున కూడా అలాగే నలుగురూ సాధిస్తుంటే మెరుపు విసురుగా లేచి వెళ్ళి, చిన్నదాని జేబులోంచి చెక్క తీసి, ఎడమ బటన్ సందులో తనే బిగించింది. "వద్దక్కా," అంది చిన్నది. "నోర్మూసుకుని చెయ్యి. నేనున్నాగా పక్కన," అంది మెరుపు.

మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే కేక వినపడింది.

ఇప్పుడు నిజం చెప్తే తన బతుకు బజారున పడుతుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని మరిది జైలుకి పోతాడు. కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుని కొట్టుకుని, చివరికి మధ్యేమార్గం వెతుక్కుంది. సగం చెప్తే మరిది బయటపడతాడు. మిగతా సగం ఎవరికీ అక్కర్లేదు.

"ప్రెస్సు బాగానే ఉందండీ," అంది. "మా మరిది తప్పేం లేదు. ఎడమ బటన్ దగ్గర చెక్క ఉంది. అందరూ చిన్నదాన్ని ఎత్తుకుంటున్నప్పుడు నేనే తీసి తుక్కులో పడేశాను."

"చెక్కేమిటి?"

చెప్పింది. బటన్ సందు చూపించింది. అధికారిణి లేచి వచ్చి ఆ సందులో గోరు దూర్చి చూసింది. ఏళ్ళ రాపిడికి అక్కడ ఇనుము నున్నగా మెరుస్తోంది.

"ఇవి మీకెవరిస్తారు?"

"కొత్త ఏప్రన్‌తో పాటే జేబులో ఉంటుందండీ. ఎవరు పెడతారో తెలీదు. ఎప్పుడూ అడగలేదు."

అధికారిణి పెట్టెల మీద వరసకేసి తిరిగింది. "మీ దగ్గర కూడా ఉన్నాయా?"

ఏప్రన్లన్నీ ఒక్కసారిగా సర్దుకున్నాయి. ఒకావిడ చీరకొంగు సవరించుకుంది, ఒకావిడకి దగ్గొచ్చింది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని ఒకే డబ్బాలో అన్నం పంచుకు తిన్న మనుషులు. ఒక్కరూ మెరుపు కళ్ళలోకి చూడలేదు.

"లేదండీ," అంది రేడియో చివరికి, నేల చూస్తూ. "మేం రెండు చేతులతోనే చేస్తాం."

మెరుపు రేడియో ఏప్రన్ జేబుకేసి చూసింది.

చల్లన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేనీ షెడ్డులోనే ముసలివాణ్ణయ్యాను. ఇలాంటి చెక్క ఏనాడూ కంటపడలేదు. ఎవరి దగ్గరా లేని చెక్క ఆ అమ్మాయి ప్రెస్సులోకి ఎలా వచ్చిందంటారు? అంత గోలలో, అంత రక్తంలో, అది ఫలానా చోట ఉందని ఈవిడకెలా తెలిసింది? పెట్టినవాళ్ళకే కదండీ తియ్యాలని తోచేది." అని, నొచ్చుకుంటున్నట్టు తలూపాడు. "ఇంటి సంగతులు మనకెందుకు గానీ, తోడికోడళ్ళిద్దరికీ పడదని వింటూనే ఉంటాం. ఏం రేడియో?"

రేడియో నీళ్ళు నమిలింది. "అంటే... అప్పుడప్పుడూ అనుకుంటారండీ... ఆ రోజు పొద్దున కూడా పెద్దావిడ కాస్త గట్టిగానే కేకలేసింది..."

చల్లన్నకి ఏమీ తెలియదు. తన మీదికి రాకుండా చీకట్లో ఓ రాయి విసిరాడంతే. ఆ రాయి వచ్చి సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

అప్పుడు తలెత్తాడు మరిది. నాలుగు రోజుల్లో మొదటిసారి మెరుపు ముఖంలోకి చూశాడు.

"వదినా, నువ్వు పెట్టావా?"

కాదంటే చాలు. చిన్నది ఏమీ గుర్తులేదంటోంది. చూసినవాళ్ళకి వాళ్ళ ఉద్యోగాలు ముద్దు, నోరు విప్పరు. చెక్క ఈపాటికి తుక్కుతో పాటు కాలి బూడిదై ఉంటుంది. కాదన్న ఒక్క మాటతో ఇంతమందీ తప్పించుకున్నట్టే తనూ తప్పించుకోవచ్చు. కానీ అడుగుతున్నవాడు ఎవరు? తను కాపురానికి వచ్చేనాటికి నిక్కరేసుకుని తిరుగుతున్న పిల్లాడు. పరీక్ష తప్పితే అమ్మకి చెప్పకుండా తనకే చెప్పుకుని ఏడ్చినవాడు.

"నేనే పెట్టాను, నాయనా," అంది. "వద్దక్కా అంది. నేను వినలేదు." అని రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

పెట్టెల మీద ఎవరో ముక్కు చీదారు. చల్లన్న నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంకేముందండీ, తేలిపోయింది కదా," అన్నాడు.

"తేల్లేదు," అన్నాడు మరిది.

నూనెగుడ్డ ప్రెస్సు మీద పెట్టి ముందుకొచ్చాడు. "మేడమ్, ఆ చెక్కలు కోసింది నేనే. ఈ షెడ్డులో ఉన్నవన్నీ నా రంపంతో కోసినవే. మా ఆవిడ వేళ్ళు తీసిందీ నేను కోసిందే. అందుకే మీరెంత అడిగినా నోరు పెగల్లేదు. జైలుకి పంపితే పోదామనుకున్నా." చల్లన్న వైపు తిరిగాడు. "ఎవరు కొయ్యమంటే కోశానో నువ్వు చెప్తావా అన్నా, నన్ను చెప్పమంటావా?"

"చెప్పు బాబూ, నిక్షేపంగా చెప్పు," అన్నాడు చల్లన్న. గొంతు ఇంకా చల్లగానే ఉంది గానీ మాట తొందరపడింది. "ఆ పనికి బదులుగా మీ ఆవిడకి ఇక్కడ ఉద్యోగం ఇప్పించమని నా కాళ్ళావేళ్ళా పడ్డావని కూడా చెప్పు. ఇచ్చానా లేదా?"

మాట బయటపడ్డాక గానీ తనేం ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. అధికారిణి నిదానంగా కలం మూత తీసింది. "మీరిలా వచ్చి కూర్చోండి," అంది అతనితో, ఇందాక మెరుపుని కూర్చోమన్న స్టూలు చూపించి.

మెరుపు అటు చూడలేదు. చల్లన్న చిక్కాడన్న సంగతి కూడా ఆమె బుర్రకెక్కలేదు. చిన్నదాన్ని ఇక్కడ చేర్చింది తన మంచి పేరే అని ఇన్నాళ్ళూ ఆ పిల్ల దగ్గర గొప్పలు పోయింది. ఆ ఉద్యోగం వచ్చింది ఇలాగన్నమాట.

"ఇది చిన్నదానికి తెలుసా?" అని అడిగింది.

"తెలుసు వదినా. మొన్న నేనే చెప్పేశాను. అప్పట్నుంచీ నన్ను ఆస్పత్రి గదిలోకి రానివ్వట్లేదు." అతను నూనెగుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నిన్నే అడుగుతోంది. పూటపూటా నర్సుని పంపించి, అక్క వచ్చిందా అని. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా వెళ్ళావా నువ్వు?"

మెరుపు వెళ్ళలేదు.